మహారాజశ్రీ మేడ తలుపు తాళం గారికి

అయ్యా,

ఈ మధ్యాహ్నమంతా తమ సన్నిధిలోనే గడిపాం. మేడ మీద సౌర ఫలకాలకు వీలుందో లేదో కొలుద్దామని కొలతల టేపు, దిక్సూచి, సుద్దముక్కలు పట్టుకుని చివరి మెట్ల మీద కూర్చుని, తమరు నోరు తెరుస్తారేమోనని కనిపెట్టుకుని ఉన్నవాళ్లం మేమే. తమరు తెరవలేదు. తాళంచెవి ఉదయమే ఇస్తామన్నది ఈ భవనం పెద్దల మాటే. అది ఏ జేబులో ఉందో ఆ పెద్దమనిషి సరిగ్గా అదే సమయంలో కింద హాల్లో సదస్సు వేదికనెక్కి ‘స్వచ్ఛ ఇంధనంలో యువత పాత్ర’ మీద ప్రసంగిస్తున్నారు. పాత్ర సంగతి ఏమో గాని, యువత మాత్రం మెట్ల మీద ఉంది. కాసేపటికి అడుగుల చప్పుడు వినిపిస్తే తాళంచెవే వస్తోందనుకుని లేచి దుమ్ము దులుపుకున్నాం. వచ్చినాయన, ‘‘ముందు వరసలు ఖాళీగా కనిపిస్తున్నాయి, ఫొటోగ్రాఫరు వచ్చేశాడు, తొందరగా దిగండి’’ అన్నారు. దిగాం. నెత్తిన ఆకుపచ్చ టోపీలు పెట్టారు. నవ్వమంటే నవ్వాం కూడా.

సౌర ఫలకాలకు ఎండ బాగా దక్కేది ఉదయం తొమ్మిది మొదలు మధ్యాహ్నం మూడు దాకా. ఆ వేళల్లో నీళ్ల ట్యాంకు నీడ ఎటు నుంచి ఎటు జరుగుతుందో గంట గంటకూ నేల మీద సుద్దతో గీసుకోవాలనుకున్నాం. ఫొటో అయ్యేసరికి ఆ వేళ దాటిపోయింది. ఈ నెల కొలత పోయినట్టే. సూర్యుడికి మళ్లీ సమయం ఇవ్వమని వినతిపత్రం పెట్టుకునే ఏర్పాటు ఇంకా రాలేదు.

తమరి మీద మాకు వ్యక్తిగత ద్వేషం లేదని మనవి. మాకు చేయనిచ్చిన పనులు కూడా తక్కువేమీ కావు. పోస్టర్లు గీశాం. నినాదాలు రాశాం. భూమిని కాపాడతామని ప్రతిజ్ఞ చేశాం, ఏసీ చలికి చేతులు ముడుచుకుని. హాల్లో కట్టిన ఫ్లెక్సీ మీద సౌర ఫలకం బొమ్మ చాలా బాగుంది. ఈ భవనానికి ఇప్పటిదాకా దక్కిన సౌర ఫలకం అదొక్కటే. క్విజ్‌లో వాతావరణ మార్పు మీద పారిస్ ఒప్పందం ఏ సంవత్సరంలో కుదిరిందని అడిగారు. 2015 అని అందరం చేతులెత్తాం. ఈ భవనం నెలకు ఎన్ని యూనిట్ల కరెంటు వాడుతుందని ఎదురు ప్రశ్న వేస్తే వేదిక మీద ఒక్క చెయ్యి లేచేది కాదు. ప్రసంగంలో గ్రేటా థన్‌బెర్గ్ కూడా వచ్చింది. 2018 ఆగస్టులో, 15 ఏళ్ల వయసులో వాతావరణం కోసం స్వీడన్ పార్లమెంటు ముందు ఒంటరిగా కూర్చున్న అమ్మాయి మనందరికీ స్ఫూర్తి అన్నారు. మేం మెట్ల మీద కూర్చుంటే మాత్రం దారికి అడ్డం.

1992లో రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు యునిసెఫ్ కోసం ఒక నిచ్చెన గీశారు. పిల్లలకూ యువతకూ పెద్దల పనుల్లో నిజంగా ఎంత చోటు దొరుకుతోందో చూపే 8 మెట్ల నిచ్చెన అది. అడుగునున్న 3 మెట్లకు ఆయన పెట్టిన పేర్లు: ఆడించడం, అలంకారం, నామమాత్రం. ఆ మూడింటినీ ఆయన భాగస్వామ్యంగా లెక్కే కట్టలేదు. టోపీ పెట్టి ముందు వరసలో కూర్చోబెట్టడం అందులో రెండో మెట్టని మాకు సందేహం లేదు. ఏం చేస్తున్నామో, ఎందుకు చేస్తున్నామో తెలిసి చేసే పని నాలుగో మెట్టు దగ్గర మొదలవుతుంది. మూడుకూ నాలుగుకూ మధ్య కాపలా ఉన్నది తమరే.

తాళంచెవి అడిగిన ప్రతిసారీ ఏదో ఒక సమాధానం దొరికింది, అది మాత్రం ఒప్పుకోవాలి. మొదట భద్రత అన్నారు. పై నుంచి పడితే ఎవరిది బాధ్యత? న్యాయమైన ప్రశ్నే. అయితే పెద్దవారెవరైనా మా వెంట రండి అన్నాం. ఎవరికీ తీరిక లేదు. రాతపూర్వకంగా ఇమ్మన్నారు. ఇచ్చాం. దాని మీద ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘంలో యువ ప్రతినిధి ఉండి తీరాలని వారే పట్టుబట్టారు. అలా నియమితులైన యువ ప్రతినిధికి మా వయసు పిల్లలున్నారు. ఆ ఉపసంఘం నివేదిక కూడా ఇచ్చింది: ‘మన మేడ మీద సౌర విద్యుత్తు సాధ్యం కాదు.’

ఇక్కడే తమరి సాక్ష్యం మాకు కావలసి వచ్చింది. ఇవాళ తీరిగ్గా, దగ్గర నుంచి తమను పరిశీలించే భాగ్యం కలిగింది కదా. తమ ఒంటి నిండా తుప్పు. చెవి దూర్చే రంధ్రంలో సాలెగూడు, అందులో సాలీడు, దాని సంసారం. గడియ తలుపుకు అతుక్కుపోయింది. ఈమధ్య కాలంలో ఈ తలుపు ఎవరూ తీయలేదు. ట్యాంకు బాగుచేసేవాళ్లు కూడా బయటి నిచ్చెన మీదుగానే ఎక్కి దిగుతున్నారని విన్నాం. మరి ఆ నివేదిక ఎక్కడ కూర్చుని రాశారు? నీడ ఎవరు కొలిచారు? బరువు ఎవరు లెక్కగట్టారు? పైకి వెళ్లనే లేదు, సాధ్యం కాదని తేల్చారు. తేల్చినవారంతా ఇవాళ వరసగా వేదిక మీద కూర్చుని, యువత ముందుకు రావాలంటున్నారు. ఎక్కడికి రావాలయ్యా ముందుకు? ముందు నువ్వున్నావు!

క్షమించాలి, ‘నువ్వు’ అనేశాను. ఇక వెనక్కి తీసుకోను.

పైన మేం చేయబోయేది విప్లవమేమీ కాదు, విను. నడిచేందుకు దారి కూడా వదిలితే ఒక కిలోవాటుకు సుమారు 10 చదరపు మీటర్లు కావాలి, కాబట్టి ఖాళీ ఎంతుందో కొలవాలి. ఫలకాలను వరుసగా కలుపుతారు గనుక ఒకదాని మీద నీడ పడినా దాని పక్కవాటి ఉత్పత్తి కూడా దెబ్బతినవచ్చు, అందుకే ఆ ట్యాంకు గొడవ. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ వస్తుంది గాని ఫలకం వేడెక్కితే తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం దాకా పోతుంది, అందుకే కింద గాలి ఆడేంత ఎత్తులో బిగించాలి. కప్పు ఆ బరువును, గాలి ఈడ్పును మోయగలదో లేదో చెప్పాల్సింది ఇంజినీరు. మేం ఇంజినీర్లం కాదని మాకు తెలుసు. ఇంజినీరును పిలవడానికి ముందు చేతిలో ఒక కాగితం ఉండాలి కదా, ఆ కాగితం కోసమే ఇదంతా. ఒక పూట పని. ఖర్చు సుద్దముక్కలు.

ఖరీదంటారా? 2010 తరువాతి పదేళ్లలో సౌర ఫలకాల ధర దాదాపు 90 శాతం పడిపోయింది. ధర దిగివచ్చింది. నువ్వు దిగలేదు.

కప్పుల దగ్గర యువతను నిలబెట్టడం నీతోనే మొదలు కాలేదనుకో. 1979లో అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ శ్వేతసౌధం కప్పు మీద నీళ్లు కాచే సౌర ఫలకాలు 32 పెట్టించాడు. 1986లో, తరువాతి అధ్యక్షుడు రీగన్ హయాంలో, కప్పు మరమ్మతులని చెప్పి వాటిని దించారు. మరమ్మతు అయింది, ఫలకాలు మళ్లీ ఎక్కలేదు. కొంతకాలానికి మెయిన్ రాష్ట్రంలోని యూనిటీ కాలేజీ వాళ్లు వాటిని ప్రభుత్వ గిడ్డంగి నుంచి తెచ్చుకుని తమ భోజనశాలకు నీళ్లు కాచుకున్నారు. 2010 సెప్టెంబరులో ఆ కాలేజీ విద్యార్థులు అందులో ఒక ఫలకాన్ని బండికెక్కించి వాషింగ్టన్ దాకా తీసుకెళ్లి, దీన్ని మళ్లీ కప్పెక్కించండి అని అడిగారు. అధికారులు మర్యాదగా మాట్లాడారు, ఫలకాన్ని మాత్రం పుచ్చుకోలేదు. నెల తిరగకుండానే కొత్తవి పెడతామని ప్రకటన వచ్చింది. అవి కప్పు మీదికి చేరింది 2013లో. ఆ విద్యార్థులను కూడా మెచ్చుకుంటూ ఎవరో ఎక్కడో ప్రసంగించే ఉంటారు. పసిఫిక్ దీవుల్లో 27 మంది న్యాయవిద్యార్థులు 2019లో మొదలుపెట్టిన పని, వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యతల మీద 2025 జులైలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ఇచ్చిన అభిప్రాయం దాకా వెళ్లింది. వాళ్లకు సముద్రాలు దాటి హేగ్‌కు దారి దొరికింది. మాకు పై అంతస్తు నుంచి మేడ మీదికి దొరకలేదు.

నాకు మండేది ఆలస్యానికి కాదు. ఇవాళ బిగించిన ఫలకానికి తయారీదారులు మామూలుగా 25 ఏళ్ల దాకా ఉత్పత్తి హామీ ఇస్తారు. ఆ హామీ తీరే నాటికి ఈ భవనంలో తిరుగుతూ, ఇక్కడి బిల్లు కడుతూ, అప్పటి ఎండకు ఉడుకుతూ ఉండేది ఎవరు? ఇవాళ వేదిక మీద ఉన్నవారా? 25 ఏళ్ల వ్యవహారం మీద సంతకం వాళ్లది, టోపీ మాది. రేపటి పౌరులంటూ మమ్మల్ని అంతగా పొగిడే మనిషికి జేబులో చెయ్యి పెట్టి ఒక తాళంచెవి తీయడం ఎందుకంత కష్టం? డబ్బు తీయమనలేదే! తాళంచెవి!

ఇంత తిట్టాక ఒక మాట ఒప్పుకోక తప్పదు. ఈ భవనం మొత్తంలో మాతో నిజాయతీగా ఉన్నది నువ్వొక్కడివే. ‘చూద్దాం’ అనలేదు. ‘మీ ఉత్సాహం అభినందనీయం’ అనలేదు. మా వయసులో తామూ ఇలాగే ఉండేవాళ్లమని భుజం తట్టలేదు. లాగితే రాలేదు, అంతే. కుదరదు అనే మాటను ఇంత సూటిగా మాకు చెప్పినవాడు ఇంకొకడు లేడు. ఇవాళ నీ ఎదుట కూర్చున్నంతసేపూ, కింది ప్రసంగం కంటే నువ్వే నయమనిపించింది. సాలీడు కూడా మంచిదే.

నీకొక కబురు కూడా చెప్పాలి. నువ్వు తెరుచుకోకపోయేసరికి మేం కొన్నాళ్ల క్రితమే కింది అంతస్తు పట్టాం. మెట్ల కింద కరెంటు మీటరు ఉంది కదా. దానికి తలుపూ లేదు, తాళమూ లేదు. రాత్రి భవనం మూసేటప్పుడు ఒకసారి, తెల్లవారి తెరవకముందు ఒకసారి అంకె రాసుకుని, ఒకదాంట్లోంచి ఒకటి తీసేశాం. ఎవరూ లేని భవనం రాత్రంతా ఎన్ని యూనిట్లు తిన్నదో తేలిపోయింది. దాన్ని గంటలతో భాగిస్తే ఎన్ని కిలోవాట్లు ఊరికే నడుస్తున్నాయో వస్తుంది. ఆ తరువాత ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయాం: వరండా లైట్లు, ఎవరూ తాగని చల్లటి నీళ్ల యంత్రం, నిద్రపోతున్నట్టు నటించే కంప్యూటర్లు, ఖాళీ హాల్లో ఏసీ. అంతా ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు అంటించాం. ఫలకం ఎక్కేలోపు కనీసం ఇవి ఆపవచ్చు కదా అని కింద ఒక వాక్యం చేర్చాం.

కాగితం సాయంత్రానికల్లా మాయమైంది. దాన్ని చదివారని మాత్రం ఇవాళే తెలిసింది. సదస్సు చివర తీర్మానాల వేళ, మీటరు చూడటానికి అనుమతి ఎవరిచ్చారని ఒకరు అడిగారు. చాలాసేపు చర్చ జరిగింది. రోజంతటిలో ఏ కాగితమూ చూడకుండా మాట్లాడింది అప్పుడే. మీటరు చుట్టూ ఇనుప పెట్టె కట్టించి దానికి తాళం వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ‘యువత పాత్ర’ అనే శీర్షిక కిందే అది నమోదైంది.

నీకు తమ్ముడు వస్తున్నాడు. అభినందనలు. వాడి తాళంచెవి కూడా అదే జేబులో ఉంటుందట.

ఇట్లు,
యువత పాత్రధారులు