పిల్లల మొహం డ్రాయింగ్ పేపరు కాదు

వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే చాలు, నాకు ఒకే రకం ప్రశ్నలు వస్తాయి. "అక్కా, ఫేస్ పెయింటింగ్ వృత్తిగా పెట్టుకుందామనుకుంటున్నాను. కిట్టుకు ఎంత అవుతుంది? ఎన్నాళ్ళలో చేయి తిరుగుతుంది?" చెన్నైలో పుట్టినరోజులకు, అపార్ట్‌మెంట్ల వేడుకలకు, బడుల వార్షికోత్సవాలకు గిరాకీ బాగానే ఉంది, అడగడంలో తప్పు లేదు. కానీ "ఏ రంగు పిల్లల చర్మానికి పడుతుంది?" అని ముందుగా అడిగేవాళ్ళు ఎంత తక్కువమందో! నాకు కోపం వచ్చేది అక్కడే.

స్టేషనరీ దుకాణంలో దొరికే ఆక్రిలిక్ రంగులతో పసిపిల్లల బుగ్గల మీద సీతాకోకచిలుకలు వేస్తున్నారు. డబ్బా మీద విషపూరితం కాదని రాసి ఉంది కదా అంటారు. ఆ మాట కాగితం మీద, గుడ్డ మీద వాడకానికి రాసింది. ఆక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్ పొర అవుతుంది, లాగితే లేత చర్మాన్ని లాక్కుని వస్తుంది. మెరుపుల (గ్లిట్టర్) సంగతీ అంతే. గ్రీటింగ్ కార్డులకు అంటించే మెరుపుల అంచులు పదునుగా ఉంటాయి, కంట్లో పడితే నల్లగుడ్డు మీది పొరను గీరేస్తాయి. మొహానికి వాడవలసినది సౌందర్య సాధనంగా తయారైన మెరుపు మాత్రమే. అది సుమారు 0.2 మిల్లీమీటర్లకు మించని సన్నని రజను.

మన దేశంలో దీనికి చట్టం ఉంది. 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం విదేశాల నుంచి వచ్చే సౌందర్య సాధనాలకు రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు, దిగుమతిదారు పేరు, చిరునామా లేబుల్ మీద కనబడాలి. రంగుల్లో సీసానికి, ఆర్సెనిక్ అనే విషానికి పరిమితులు ఉన్నాయి. ఆర్సెనిక్ అయితే పది లక్షల భాగాల్లో రెండు భాగాలు దాటకూడదు. మన వీధి నాటకాల వేషగాళ్ళు తరతరాలుగా మొహానికి పట్టించిన పసుపుపచ్చని అర్దళం ఆర్సెనిక్ సమ్మేళనమే. వాళ్ళకు అప్పట్లో వేరే దారి లేదు. ఈ రోజు లేబుల్ చదవగలిగి కూడా చదవనివాళ్ళను మాత్రం నేను క్షమించలేను.

మొహానికి రంగు పూయడం మనకు కొత్త కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి నామకొమ్ము అనే తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు పూసుకుంటారు. అక్కడ ఎవరి మొక్కు వాళ్ళది, ఎవరి ఒళ్ళు వాళ్ళది. మనం చేసే పని అలాంటిది కాదు. పరాయి బిడ్డ మొహాన్ని, ఆ తల్లి ఎదురుగానే, మన చేతుల్లోకి తీసుకుంటున్నాం.

అందుకే కుంచె కంటే ముందు శుభ్రత నేర్చుకోవాలి. ఒక బిడ్డకు వాడిన స్పాంజి ఉతికి ఆరే దాకా ఇంకో బిడ్డకు తగలకూడదు. యాభై మంది పిల్లలుంటే యాభై స్పాంజి ముక్కలు సంచిలో ఉండాలి. కుంచెలు కడగడానికి ఒక నీళ్ళ గిన్నె, రంగు కలపడానికి మరొకటి, రెండింటి నీళ్ళూ తరచూ మార్చాలి. చెపాక్ స్టేడియం బయట మ్యాచ్ రోజున ఒకే కుంచె, ఒకే గ్లాసు నీళ్ళతో వరసగా బుగ్గల మీద పసుపు రంగు దిద్దుతూ ఉంటారు. పూట గడవడానికి చేసే పని కాబట్టి వాళ్ళను నేను అనను. వేలకు వేలు తీసుకుని కూడా అదే పద్ధతిలో చేసేవాళ్ళను మాత్రం తప్పకుండా అంటాను.

ఇక గీత. దీనికి అడ్డదారి లేదు. గుండ్రటి కుంచె కొసను చర్మానికి ఆనించి, మెల్లగా నొక్కి, లాగుతూ ఎత్తేయాలి. అప్పుడు ఒక వైపు లావుగా, ఇంకో వైపు వెంట్రుకంత సన్నగా కన్నీటి బొట్టు ఆకారం వస్తుంది. పులి చారలు, పూల రేకులు, సీతాకోకచిలుక రెక్కల అంచులు అన్నీ ఆ ఒక్క విసురులోనే ఉన్నాయి. చిటికెన వేలు బిడ్డ బుగ్గ మీద ఆనించి ఉంచాలి. బిడ్డ కదిలితే మన చేయి కూడా కదులుతుంది, గీత చెదరదు. స్పాంజిలో నీళ్ళు ఎక్కువైతే రంగు కారిపోతుంది, రంగు మందమైతే బిడ్డ నవ్వగానే బీటలు వారుతుంది. మే నెల చెన్నై ఉక్కలో ఇది ఇంకా కష్టం. ముందు చెమట అద్ది, పలచటి పూత వేసి, ఆరనిచ్చి, ఆ తరువాతే గీత మొదలుపెట్టాలి. ఫ్యాను కింద చోటు ఇవ్వమని నేను పట్టుబట్టేది నా సుఖం కోసం కాదు. సాధన చేయాలంటే మీ ముంజేయి ఉంది, కాగితం మీద ఎన్ని వేసినా చర్మం అలవాటు కాదు.

వీడియోలు చూసి నేర్చుకునేవాళ్ళకు ఒక మాట. వాటిలో ఎక్కువగా తెల్లవాళ్ళ పిల్లలే ఉంటారు. ఆ లేత గులాబీ, లేత నీలం మన పిల్లల చామనచాయ మీద బూడిద పూసినట్టు కనబడతాయి. మన చాయ మీద బంగారు రంగు, ముదురు నీలం, నారింజ ఎంత నిండుగా వెలుగుతాయో! "ముందు తెల్లగా పూసేసి దాని మీద వేయండి, పాప కాస్త రంగుగా కనబడుతుంది" అని అడిగే తల్లులు ఉన్నారు. నేను వేయను. అయిదేళ్ళ పిల్ల అద్దంలో చూసుకుని తన రంగే లోటు అనుకునే పని నా చేత్తో జరగకూడదు.

కాదనగలగడం ఈ వృత్తిలో సగం పని. కళ్ళకలక, తామర, పెదవి మీద జ్వరపు పొక్కు, మానని గాయం ఉంటే రంగు ముట్టుకోకూడదు. "ఏమీ కాదులెండి, పాపం అడుగుతోంది" అంటారు పెద్దలు. అలాంటప్పుడు ముంజేతి మీద చిన్న నక్షత్రం వేస్తానని బిడ్డకే చెబుతాను, కుంచె ఆ తరువాత కడిగి పక్కన పెట్టేస్తాను. అంటు చేతి మీద కూడా ఉంటే అదీ లేదు. మూడేళ్ళు నిండని పసివాళ్ళకు మొహం మీద వేయను. ఏడుస్తున్న బిడ్డను పట్టుకుని కూర్చోబెడితే అస్సలు వేయను.

వేడుకలు నిర్వహించేవాళ్ళూ వినాలి. "రెండు గంటలు, అరవై మంది పిల్లలు, ఊరికే రంగు పూయడమే కదా మేడమ్, రేటు తగ్గించండి" అంటారు. ఒక మొహానికి ఎంత వేగంగా చేసినా నాలుగైదు నిమిషాలు పడుతుంది, గంటకు పన్నెండు, మహా అయితే పదిహేను. అరవై మందిని రెండు గంటల్లో కానిచ్చేయాలంటే స్పాంజి మార్చడమే మానేయాలి. ఇంకో మనిషిని పెట్టుకోండి, లేదా పిల్లల సంఖ్య తగ్గించండి. గాలి తగిలే చోటు, వెలుతురు, దగ్గరలో నీళ్ళ కుళాయి చూపించండి. రేటు సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.