చంటిబిడ్డకు టికెట్ లేదు, ఎత్తుకున్నవాళ్లకు రైడ్ లేదు

హైదరాబాద్ శివార్లలోని రావిర్యాల వండర్‌లా థీమ్ పార్కులో పిల్లల టికెట్ వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. 85 నుంచి 140 వరకు పిల్లల టికెట్, అది దాటితే పెద్దల టికెట్. ఏడాది బిడ్డను, ఎనిమిదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని వచ్చిన భార్యాభర్తలు కౌంటర్ దగ్గర ‘చిన్నదానికి ఏమీ కట్టక్కర్లేదు, నయమే’ అనుకుంటారు. కానీ ఆ బిడ్డ ఖర్చు వేరే చోట పడుతుంది. రోజంతా బిడ్డను చంకనేసుకుని తిరిగే మనిషి పూర్తి టికెట్ కొని లోపలికి వెళ్లి, చెప్పుకోదగ్గ రైడ్ ఒక్కటీ ఎక్కకుండా సాయంత్రం బయటికి వస్తుంది. చాలాసార్లు ఆ మనిషి తల్లే. తల్లి కాకపోతే అమ్మమ్మో నాయనమ్మో. టికెట్ ఉచితమైంది బిడ్డకు, మురిగిపోయింది తల్లికి.

ఇది ఇంట్లోవాళ్లు సర్దుకుపోవాల్సిన చిన్న విషయమని చాలామంది అనుకుంటారు. నేను అలా అనుకోను. పార్కు ఎలా కట్టారు, క్యూ ఎలా నడుపుతున్నారు, సిబ్బందికి ఏం నేర్పారు అన్నదాన్ని బట్టే ఆ తల్లి రోజు ఎలా గడుస్తుందో తేలుతుంది.

కుటుంబమంతా కలిసి ఆడుకునే పార్కు కావాలన్న ఆలోచనే ఇలా బెంచీ మీద కూర్చున్న ఒక తండ్రికి వచ్చింది. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్లను లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లేవారు. పిల్లలు రంగులరాట్నం ఎక్కితే ఆయన బెంచీ మీద పల్లీలు తింటూ కూర్చునేవారు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలని అక్కడే అనిపించిందని తర్వాత ఆయనే చెప్పారు. 1955 జులై 17న కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో డిస్నీలాండ్ తెరుచుకుంది. మన దేశంలో 1984లో ఢిల్లీ అప్పూఘర్, 1989లో ముంబై ఎస్సెల్ వరల్డ్ వచ్చాయి. ఇప్పుడు వండర్‌లాగా పిలుస్తున్న కొచ్చి పార్కు 2000లో, బెంగళూరుది 2005లో, హైదరాబాద్‌ది 2016లో మొదలయ్యాయి. ఇన్నేళ్లలో రైడ్ల ఎత్తు పెరిగింది, వేగం పెరిగింది, టికెట్ ధర పెరిగింది. చంటిబిడ్డ ఉన్న తల్లి మాత్రం ఇంకా బెంచీ మీదే ఉంది.

రైడ్ ఎక్కాలంటే ఇంత ఎత్తు ఉండాలన్న నిబంధన మీద నాకు ఫిర్యాదు లేదు. అది ఉండాల్సిందే. రైడ్లో ఒడి మీదికి వచ్చే అడ్డకడ్డీ ఒక్కటే ఇద్దరికీ కలిపి ఉంటే, అది లావుపాటి మనిషి తొడల దగ్గరే ఆగిపోతుంది. పక్కనున్న చిన్నపిల్లకూ కడ్డీకీ మధ్య ఖాళీ మిగులుతుంది. వేగంగా మలుపు తిరిగేటప్పుడు పిల్ల జారేది ఆ ఖాళీలోంచే. భుజాల మీదికి దిగే పట్టీలు కూడా ఒక కొలత శరీరానికి సరిపోయేలా చేసినవే. కాబట్టి ఎత్తు కొలిచే బోర్డు దగ్గర ‘రెండు సెంటీమీటర్లే కదా, ఒక్కసారి పోనివ్వండి’ అని బతిమాలడం, పిల్లను మునివేళ్ల మీద నిలబెట్టడం తప్పు. పసిబిడ్డ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మెడ నిలపడం వచ్చినంత మాత్రాన ఊపునూ కుదుపునూ తట్టుకునే బలం ఆ మెడకు ఉండదు. ‘నెమ్మదిగా తిరిగేదే కదా, ఒళ్లో పెట్టుకుంటాను’ అనే ముందు ఆ రైడ్‌కి పసిపిల్లలను అనుమతిస్తారో లేదో ఆపరేటర్‌ను అడగాలి, కాదంటే అక్కడితో ఆగాలి.

చిక్కు నిబంధనలో లేదు, దాని తర్వాత ఏం జరుగుతుందన్నదాంట్లో ఉంది. బిడ్డ ఎక్కకూడదు, సరే. మరి బిడ్డను పట్టుకున్నవాళ్లు ఎప్పుడు ఎక్కాలి? తండ్రి పెద్దపిల్లతో ముప్పావుగంట క్యూలో నిలబడి, రెండు నిమిషాల రైడ్ ఎక్కి దిగుతాడు. ఇప్పుడు తల్లి వంతు రావాలంటే మళ్లీ మొదటి నుంచి ముప్పావుగంట నిలబడాలి. ఈలోగా బిడ్డ పాలకు ఏడుస్తుంది, పెద్దపిల్ల తర్వాతి రైడ్‌కి లాగుతుంది. ‘వద్దులే, మీరే వెళ్లండి’ అని తల్లి తప్పుకుంటుంది. ఆమెకు రైడ్లంటే ఇష్టం లేదని ఆ రోజు నుంచి ఇంట్లో స్థిరపడిపోతుంది.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. డిస్నీ పార్కుల్లో దాన్ని రైడర్ స్విచ్ అంటారు, యూనివర్సల్ పార్కుల్లో చైల్డ్ స్వాప్ అంటారు. కుటుంబం మొత్తం రైడ్ దగ్గరికి వెళ్లి సిబ్బందికి చెబుతుంది. ఒకరు ఎక్కి వచ్చేదాకా ఇంకొకరు బిడ్డతో ఉంటారు. తర్వాత బిడ్డ చేతులు మారుతుంది, రెండో మనిషి మామూలు క్యూలో మళ్లీ మొదటి నుంచి నిలబడకుండా ఎక్కేయొచ్చు. యూనివర్సల్‌లో చాలా రైడ్లకు ఎక్కే చోటుకు దగ్గర్లోనే బిడ్డతో కూర్చోవడానికి గది ఉంటుంది. చాలాసార్లు పెద్దపిల్ల ఇద్దరితోనూ ఎక్కొచ్చు, అంటే ఒకే క్యూకి రెండుసార్లు. చెల్లి పుట్టినప్పటి నుంచి ‘ఆగు, పాప పడుకుంది’ అని వింటూ వస్తున్న పిల్లకు, చెల్లి వల్ల తనకు ఒక లాభం దక్కడం చిన్న విషయం కాదు.

దీనికి పార్కుకు అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. సీటు కొత్తగా వేయక్కర్లేదు, యంత్రం కొనక్కర్లేదు. ఒక చీటీ, ఒక స్టాంపు, సిబ్బందికి ఒక పూట శిక్షణ. ఇక్కడ మన పార్కుల్లో కూడా మంచి మనసున్న ఆపరేటర్ ఎవరైనా ఉంటే ‘సరే మేడమ్, మీరు ఇటు నుంచి రండి’ అని పక్క గేటు తీస్తారు. కానీ అది ఆ మనిషి మంచితనం మీద, ఆ రోజు రద్దీ మీద ఆధారపడి ఉంటుంది. వెనకున్నవాళ్లు ‘లైన్లో రండి’ అని అరిస్తే ఆ గేటు మూసుకుంటుంది. బోర్డు మీద రాసి ఉంటే అరిచేవాళ్లకు అది చూపించొచ్చు, అడిగేవాళ్లకూ మొహమాటం ఉండదు. వరసలో నిలబడి ప్రత్యేకంగా ఏదైనా అడగడానికి మన ఆడవాళ్లలో చాలామంది జంకుతారన్నది పార్కు యజమానులకు తెలియాలి.

అయితే సౌకర్యం ఉన్నంత మాత్రాన సరిపోదనడానికి అమెరికాలోని మన కుటుంబాలే ఉదాహరణ. కూతురి పురుడు కోసం విజిటర్ వీసా మీద అమ్మానాన్నలు వెళతారు. వాళ్లు తిరిగొచ్చేలోగా ఒక లాంగ్ వీకెండ్‌లో ఓర్లాండోలోని డిస్నీ వరల్డ్‌కు ట్రిప్ పెట్టుకుంటారు. అక్కడ మూడేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు, రైడర్ స్విచ్ ఉంది, పాలివ్వడానికి, డైపర్ మార్చడానికి బేబీ కేర్ సెంటర్లు ఉన్నాయి. అన్నీ ఉన్నా ‘అమ్మ ఉందిగా, పాపను చూసుకుంటుంది’ అని స్ట్రోలర్ ఆవిడ చేతికి అప్పగించి మిగతావాళ్లు స్పేస్ మౌంటెన్ రోలర్ కోస్టర్ వైపు నడుస్తారు. వేల మైళ్లు ప్రయాణం చేసి వచ్చిన మనిషి, డాలర్లలో పూర్తి టికెట్ పడిన మనిషి, చెట్టు నీడన స్ట్రోలర్ ఊపుతూ కూర్చుంటుంది. ‘నాకెందుకమ్మా ఇవన్నీ’ అని ఆవిడ అనొచ్చు. ఆ మాట నిజమో కాదో ఒకసారి ఆవిడను పడవ రైడ్ ఎక్కించి చూడండి. ‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’ పడవ రైడ్‌కు, డంబో అనే ఏనుగు బొమ్మల రైడ్‌కు ఎత్తు పరిమితి లేదు. బిడ్డను ఒళ్లో పెట్టుకునే ఎక్కొచ్చు. అక్కడ అమ్మమ్మ, మనవరాలు, పసిబిడ్డ ఒకే పడవలో కూర్చుంటారు. ఇలాంటి రైడ్లు మన పార్కుల్లో ఇంకా ఎక్కువ రావాలి. అవి థ్రిల్ రైడ్లలాగా ప్రకటనల్లో పనికిరావు, అందుకే వాటి మీద పెట్టుబడి పెట్టాలని ఎవరికీ తోచదు.

మన పార్కుల్లో ఇంకో చిక్కు నీళ్లది. వాటర్ రైడ్లకు నూలు బట్టలు, చీర, చుడీదార్ కుదరవు, నైలాన్ కాస్ట్యూమ్ వేసుకోవాలి. భద్రతకు అది మంచిదే. కానీ పాలిచ్చే తల్లి ఒకసారి ఆ తడి కాస్ట్యూమ్‌లోకి మారాక బిడ్డ ఏడిస్తే ఏం చేయాలి? లాకర్ దాకా వెళ్లాలి, తుడుచుకోవాలి, బట్టలు మార్చుకోవాలి, చోటు వెతుక్కోవాలి, పాలివ్వాలి, మళ్లీ కాస్ట్యూమ్ వేసుకోవాలి. ఇంత తతంగం ఎందుకని ఆమె అసలు నీళ్లలోకే దిగదు. పూల్ పక్కనే, దుస్తులు మార్చుకునే గదులకు ఆనుకుని పాలిచ్చే గది ఒకటి ఉంటే ఈ లెక్క మొత్తం మారుతుంది. నేను వెళ్లిన ఒక పార్కులో ఒకామె చెప్పుల స్టాండ్ వెనక గోడవైపు తిరిగి కూర్చుని పాలిస్తోంది, భర్త తువ్వాలు అడ్డం పట్టుకుని నిలబడ్డాడు. లోపల కోట్లు పెట్టి కట్టిన అలల కొలను ఉంది.

2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ విషయం మీద స్పష్టంగానే మాట్లాడింది. బహిరంగ ప్రదేశాల్లో పాలిచ్చే గదులు, శిశు సంరక్షణ వసతుల గురించి కేంద్రం ఇచ్చిన సూచనలను రాష్ట్రాలు అమలు చేయాలని చెప్పింది. బయట బిడ్డకు పాలివ్వడాన్ని చిన్నచూపు చూడకూడదని కూడా గుర్తుచేసింది. థీమ్ పార్కు ప్రైవేటు ఆస్తి కావచ్చు, కానీ టికెట్ కొన్నవాళ్లెవరైనా రావొచ్చు, సెలవు రోజుల్లో వేలమంది వస్తారు. బస్టాండులో ఉండాల్సిన గది అక్కడ ఉండనక్కర్లేదని ఎవరూ వాదించలేరు. కొత్త పార్కులకు స్థలం, అనుమతులు ఇచ్చేటప్పుడే రాష్ట్ర ప్రభుత్వాలు దీన్ని షరతుగా పెట్టొచ్చు. గది అంటే తలుపు, కుర్చీ, ఫ్యాను, చేతులు కడుక్కునే కుళాయి, డైపర్ మార్చే బల్ల, పాలపొడి కలపడానికి వేడినీళ్లు. అదే బల్ల మగవాళ్ల టాయిలెట్లోనూ పెట్టాలి, లేకపోతే తండ్రికి సాకు దొరుకుతుంది.

‘చంటిబిడ్డను ఇంట్లో వదిలేసి వెళ్లొచ్చుగా’ అనేవాళ్లు ఉంటారు. ఎవరి దగ్గర వదలాలి? మియాపూర్‌లో, గాజువాకలో రెండు గదుల ఫ్లాట్లో ఉండే జంటకు ఇంట్లో మూడో పెద్దమనిషి ఉండరు. ఆరు నెలల వరకు తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాలు తాగే బిడ్డను పొద్దుటి నుంచి రాత్రిదాకా వదిలి ఉండటం అయ్యే పని కాదు. బిడ్డ పెద్దదయ్యేదాకా ఆగమంటే, పెద్దపిల్లకు ఎనిమిదేళ్ల వయసు మళ్లీ రాదు.

అయినా ఎప్పుడు వెళ్లాలన్నదాంట్లో తల్లిదండ్రులు కఠినంగా ఉండాలనే అంటాను. ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆరు నెలల లోపు బిడ్డను నేరుగా ఎండలో ఉంచొద్దనే పిల్లల డాక్టర్లు చెబుతారు. వేసవి సెలవులు ఉన్నాయి కదా అని ఆ వయసు బిడ్డను తీసుకెళ్లడం నాకు సరికాదనిపిస్తుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. కాకపోతే అప్పుడు వారం మధ్యలో స్కూల్ పిక్నిక్ బస్సులు వరస కడతాయి. వెళ్లే ముందు పార్కుకు ఫోన్ చేసి ఆ రోజు ఎన్ని స్కూళ్లు వస్తున్నాయో, పాలిచ్చే గది ఎక్కడుందో, మార్చి మార్చి ఎక్కనిస్తారో లేదో అడగాలి. అందరూ అడగడం మొదలుపెడితే ఆ ప్రశ్నలు మేనేజర్ దాకా వెళతాయి. ఉగ్గు, రాగిజావ లాంటివి తీసుకెళ్లేటట్టయితే అదీ ముందే చెప్పి ఉంచడం మేలు. బయటి తిండిని అడ్డుకునే పార్కులు కూడా సాధారణంగా పసిపిల్లల ఆహారానికి మినహాయింపు ఇస్తాయి.

బిడ్డ మరీ చిన్నదైతే రామోజీ ఫిల్మ్ సిటీ లాంటి చోటు మేలని నా అభిప్రాయం. 1996లో మొదలైన ఆ 1,666 ఎకరాల ప్రాంగణంలో తిరగడం చాలావరకు బస్సుల్లోనే. సెట్లు, పూలతోటలు, స్టంట్ షో, పక్షుల పార్కు అన్నీ చంకలో బిడ్డతోనే చూడొచ్చు. కుటుంబం రెండు ముక్కలు కాదు. నిద్రపోతున్న బిడ్డతో బస్సు ఎక్కీ దిగీ విసుగొస్తుంది, నడక కూడా ఉంటుంది, అది నిజమే. కానీ ఎత్తు కొలిచే బోర్డు దగ్గర ఒకరు ఆగిపోయి మిగతావాళ్లు ముందుకెళ్లే బాధ తక్కువ.

వండర్‌లా లాంటి చోటుకే వెళ్లేటట్టయితే రోజును ముందే పంచుకోవాలి, ఆ పంపకంలో వరస ముఖ్యం. ‘ముందు నాన్న వెళ్లొస్తాడు, తర్వాత అమ్మ’ అన్న ఏర్పాటు చాలా ఇళ్లలో మధ్యాహ్నానికే చెదిరిపోతుంది. రెండు దాటేసరికి బిడ్డ చిరాకు పడుతుంది, క్యూలు పెరుగుతాయి, పెద్దపిల్ల అలిసిపోతుంది. రెండో వంతు రాకుండానే పోతుంది. కాబట్టి గేటు తెరవగానే, క్యూలు ఖాళీగా ఉన్నప్పుడే, బిడ్డ కడుపు నిండా పాలు తాగి ఉన్నప్పుడే, తల్లీ పెద్దపిల్లా వెళ్లాలి. ఆ రెండు గంటలు డైపర్ బ్యాగు, వేడినీళ్ల ఫ్లాస్కు, బిడ్డ తండ్రి దగ్గరుండాలి. ప్రతి పావుగంటకూ ఫోన్ చేసి ‘ఏడుస్తోంది, ఎక్కడున్నావ్’ అని అడగకుండా ఆయన చూసుకోవాలి. నాయనమ్మో అమ్మమ్మో వెంట వచ్చి ఉంటే, బిడ్డను ఆవిడకు అప్పగించి ఆయన మాయం కాకూడదు.