పళ్ల క్లినిక్ నుంచి టైర్ల షాపుగా మారిన మ్యాప్ పిన్ను గారికి

మహారాజశ్రీ పిన్ను గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, నిన్న మధ్యాహ్నం ఒక చేత్తో దవడ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని తమరు చూపించిన దారినే వచ్చాను. ఎప్పుడో సేవ్ చేసిపెట్టుకున్న పళ్ల క్లినిక్. గమ్యస్థానానికి చేరుకున్నారు అని తమరు ప్రకటించారు. ఎదురుగా టైర్లు.

అప్పుడు తమరి పేజీ తెరిచాను. పేరు టైర్ల షాపుది, నాలుగున్నర స్టార్లు డాక్టరు గారివి. "చెయ్యి చాలా తేలిక, పీకినట్టే తెలియలేదు" అని ఎవరో మెచ్చుకుంటే, కింద టైర్ల షాపాయన "ధన్యవాదాలు, మళ్లీ రండి" అని జవాబిచ్చాడు. ఏం పీకించుకోవడానికి రమ్మంటాడండీ?

ఆ క్లినిక్ మూతపడలేదు, వెనక వీధికి మారిందంతే. అంటే ఈ పేజీనే రివ్యూలతో సహా కొత్త అడ్రసుకి జరపాలి, టైర్లవాళ్లకి వేరే పేజీ తెరవాలి. నిజంగానే మూసేసి ఉంటే "శాశ్వతంగా మూసివేశారు" అని పెట్టి వదిలెయ్యాలి. అదే యజమాని, అదే వ్యాపారం, బోర్డు మీద పేరొక్కటే మారితే అప్పుడు పేరు దిద్దుకోవచ్చు. ఇందులో బ్రహ్మవిద్య ఏముంది? ఎవరో పుణ్యాత్ముడు ఉన్న పేరు చెరిపి కొత్త పేరు కొట్టేసి, మ్యాపు దిద్దినవాళ్లకి తమరిచ్చే పాయింట్లు పుచ్చుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో అద్దెకున్నవాళ్లు మారితే పాతవాళ్ల పెళ్లి ఫొటో గోడకి అలాగే ఉంచి, కింద కొత్తవాళ్ల పేర్లు రాస్తారా? డాక్టరు గారు ఏళ్ల తరబడి సంపాదించుకున్న మంచిపేరు టైర్ల పాలైంది, ఆయన కొత్త పేజీలో సున్నా రివ్యూలు.

2004లో మొదలైన, జనమే కలిసి దిద్దుకునే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ ఈ తగువు ఉంది లెండి, మ్యాపు మీది పాత గుర్తునే దిద్దాలా, తీసేసి కొత్తది పెట్టాలా అని. కానీ అక్కడ రివ్యూలుండవు, పైగా ప్రతి మార్పూ వెర్షన్ నంబరుతో సహా నిలిచి ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఎవరైనా చూసుకోవచ్చు. తమరి దగ్గర ఆ భయమూ లేదు.

పండగ రోజు తాళం వేసున్న దుకాణాన్ని "తెరిచి ఉంది" అనడం, గుమ్మం ముందుంటే తమరు పోయి వెనక గోడకి గుచ్చుకోవడం, వీటి జోలికి ఇవాళ వెళ్లను.

సరే, నేనే దిద్దుదామని మర్యాదగా సూచన పంపాను, బోర్డు ఫొటో కూడా పెట్టాను. "మీ సవరణను ధ్రువీకరించలేకపోయాము" అన్నారు. ఏం ధ్రువీకరించలేకపోయావయ్యా? పళ్లు పీకేవాళ్లు టైర్లు పీకుతున్నారంటే మాత్రం కిక్కురుమనకుండా ఒప్పేసుకున్నావే! పేరు మారింది, వ్యాపారం మారింది, ఫోన్ నంబరు మారింది, ఫొటోల్లో కుర్చీ పోయి జాకీ వచ్చింది, ఒక్కసారైనా అనుమానం రాలేదా నీకు? అన్నీ కట్టకట్టుకుని మారాయంటే అక్కడికి ఇంకెవరో వచ్చారని తెలియదా? అబద్ధం చెప్పినవాడికి పాయింట్లు, నిజం చెప్పినవాడికి ధ్రువీకరణా!

అదే సూచన, అదే ఫొటోతో మళ్లీ పంపుతున్నాను. ఈసారి కళ్లు తెరిచి చూడు.