పక్షి ఫొటో సరే, ఊరి ఫొటో ఏదీ?

ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు. బడిపిల్లలకు వ్యాసరచన, డ్రాయింగ్ పోటీలు, ఒక ర్యాలీ, మర్నాడు పేపర్లో ఒక ఫొటో. అంతటితో సరి. దీనికి బదులు ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయమో, విజయనగరంలోని మరో యూనివర్సిటీయో ఒక హాలుకు సున్నం కొట్టించి, లైట్లు పెట్టించి, వన్యప్రాణి సంరక్షణ మీద ఫొటో ప్రదర్శన పెడితే ఎంతో మేలు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. నా టెన్షనల్లా గోడకు ఏం తగిలిస్తారన్నదే.

ఏం వస్తాయో ఊహించడం కష్టం కాదు. తేలినీలాపురం చెట్టు మీద రెక్కలు విప్పిన పెలికాన్ ఒకటి. పొద్దు పొడుస్తుంటే సముద్రం వైపు పాకే తాబేలు పిల్ల ఒకటి. ఎక్కడో మధ్యప్రదేశ్ అడవిలో జీపులోంచి తీసిన పులి ఒకటి (పులి లేకపోతే రిబ్బన్ కట్ చేసేవాళ్లకు తృప్తి ఉండదు). అన్నీ ముచ్చటగానే ఉంటాయి. ముందు ప్రాణి ఒక్కటే స్పష్టంగా, వెనకంతా మసక. ఆ మసకలో పోయేదే మన శ్రీకాకుళం జిల్లా.

విజయనగరానికి ఈ ఫొటోల సంగతి కొత్త కాదు. రాజుల కాలంలో వేట ఫొటో అంటే తుపాకీ పట్టుకున్న దొర, కాళ్ల దగ్గర చచ్చిన పులి. 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత క్రికెట్ జట్టుకు కెప్టెన్‌గా ఉన్న విజయనగరం రాజకుమారుడు విజ్జీ మూడొందలకు పైగా పులుల్ని కాల్చారని చెబుతారు. ఆ కాలపు ఫొటోల్లో మనిషే హీరో. ఇప్పటి ఫొటోల్లో జంతువే హీరో, మనిషి జాడే లేదు. తుపాకీ పోయి కెమెరా వచ్చినందుకు సంతోషించాల్సిందే. అయితే రెండు రకాల ఫొటోల్లోనూ ఆ అడవి పక్కన కాపురం ఉండేవాడు మాత్రం కనపడడు.

ఇది మన దగ్గర పుట్టిన జబ్బు కాదు. అమెరికాలో కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో యోసెమిటీ లోయను ఫొటోలు తీశాడు. వాటిని చూసినవాళ్ల ఒత్తిడి కూడా తోడై 1864లో అధ్యక్షుడు లింకన్ ఆ లోయను కాపాడే చట్టంపై సంతకం పెట్టాడు. ఫొటోకు ఉన్న బలానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. కానీ ఆ లోయలో తరతరాలుగా ఉన్న అహ్వానీచీ జనాన్ని ఆ ఫొటోలు తీయడానికి పదేళ్ల ముందే, 1851లో, సాయుధ దళం వెళ్లగొట్టింది. ఫొటోల్లో కొండలున్నాయి, జలపాతాలున్నాయి, వెళ్లగొట్టబడ్డవాళ్లు లేరు. చూసినవాళ్లకు అది ఎప్పుడూ ఖాళీగానే ఉన్న చోటనిపించింది.

ఇప్పుడు తేలినీలాపురం సంగతి చూడండి. టెక్కలి మండలంలోని ఈ ఊరికి శీతాకాలం ముందు పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులనే కొంగజాతి పక్షులు వస్తాయి. ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. అవి వస్తే ఊరికి మంచిదని జనం నమ్మకం. ఎవరూ రాయి విసరరు. ఏటా పేపర్లలో వీటిని సైబీరియా పక్షులనే రాస్తారు. నిజానికి ఈ పెలికాన్, ఈ స్టార్క్ రెండూ దక్షిణాసియా పక్షులే. సైబీరియా మొహం చూసినవి కావు. ఇక్కడ గూళ్లు ఖాళీ అయ్యాక మన చెరువుల్లో, పక్క రాష్ట్రాల మడుగుల్లో బతికేవే.

ఈ తప్పు చిన్నదనుకోకండి. పక్షి సైబీరియాదైతే మన బాధ్యత చెట్టు దాకానే. అతిథి వచ్చింది, ఉంది, పోయింది. మన పక్షే అయితే అది ఏ నీళ్లలో చేపలు పడుతుందో, ఆ నీళ్లు ఏమవుతున్నాయో మనమే జవాబు చెప్పాలి. తేలినీలాపురం పక్షులకు తిండి దొరికే చోట్లలో పెద్దది నౌపడ చిత్తడి నేల, అక్కడి వాళ్ల మాటలో తంపర. చేపలు పట్టుకునేవాళ్లు, పశువులు మేపుకునేవాళ్లు, పక్కనే ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లు, అందరికీ అదే ఆధారం. కాకరాపల్లి దగ్గర థర్మల్ ప్లాంటు తలపెట్టింది ఆ తంపరలోనే. అడ్డుకున్న జనం మీద 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అంతకు ముందు ఏడాది జులై 14న థర్మల్ ప్లాంటు తలపెట్టిన సోంపేట బీల (చిత్తడి) భూముల దగ్గరా అదే జరిగింది. అక్కడి ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ సరిగ్గా ఆ రోజే రద్దు చేసింది.

ఈ జిల్లాలో పక్షుల నీళ్ల కోసం మనుషులు చనిపోయారు. వాళ్లు పక్షుల కోసం పోరాడలేదు, తమ చేపల కోసం, గడ్డి కోసం పోరాడారు. పక్షి తినేదీ ఆ చేపనే కదా! పెలికాన్ ఫొటో పక్కన తంపర ఫొటో, దాని పక్కన ఆ ఊరివాళ్ల ఫొటో లేకుండా శ్రీకాకుళంలో సంరక్షణ ప్రదర్శన పెడితే అది క్యాలెండరు అవుతుంది.

తాబేళ్ల విషయంలో ఇబ్బంది మరోలా ఉంటుంది. జనవరి నుంచి మన తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో తల్లి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. అదే నెలల్లో చచ్చిన తాబేళ్లూ ఒడ్డుకు కొట్టుకొస్తాయి. కళ్లు ఉబ్బి, మెడ వాచి, డిప్ప మీద ఇసుక, చుట్టూ కుక్కల అడుగులు. పక్కన వల ఆరబెట్టుకుంటున్న జాలరి ఒకడుంటే ఫొటో అద్భుతంగా వస్తుంది. హాల్లో చూసినవాళ్లు ఆ జాలరినే హంతకుడనుకుంటారు. తాబేలు గాలి పీల్చడానికి నీటిపైకి రావాలి. మరబోటు వెనక ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో చిక్కి గంటల తరబడి లోపలే ఉండిపోతే ఊపిరాడక చస్తుంది. ట్రాలర్లు ఎక్కువగా విశాఖ నుంచో ఒడిశా నుంచో వస్తాయి. మన ఒడ్డున ఉండేవి చాలావరకు చిన్న పడవలు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదని 1994 నాటి రాష్ట్ర చట్టం చెబుతోంది. చిక్కిన తాబేలు తప్పించుకునేలా వలకు బిగించే పరికరం కూడా ఉంది, చేప తగ్గుతుందని బోటు యజమానులు ఇష్టపడరు. ఇదేదీ ఆ ఫొటోలో పట్టదు. అసలు దోషి కనుచూపు మేరకు అవతల ఉన్నాడు. అందుకే ఇలాంటి ఫొటోకు కింద నాలుగు వాక్యాలు తప్పనిసరి. ఫొటో తనంతట తానే మాట్లాడుతుందనే మాట నేను నమ్మను.

ఇక ఉద్దానం ఎలుగుబంట్లు, మన్యం ఏనుగులు. అందమైన ఫొటోలు ఇక్కడ మరీ తేలిపోతాయి. 2022 జూన్‌లో ఉద్దానంలోని వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు. మర్నాడు మరికొందరు గాయపడ్డారు. పట్టుబడ్డ ఆ ఎలుగూ బతకలేదు. జీడి పండు, పనస పండు దానికీ కావాలి, రైతుకూ కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలమట్టం చేసిన సంగతి గుర్తుంచుకుంటే సమస్య ఇంకాస్త అర్థమవుతుంది. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న భామిని మండలంలో, 2023 మేలో నాలుగు ఏనుగులు కరెంటు షాక్‌తో చనిపోయాయి.

బెంగాల్‌లో బిప్లబ్ హజ్రా తీసిన ఫొటో ఒకటి 2017లో శాంక్చురీ వన్యప్రాణి ఫొటో అవార్డు గెలిచింది. తల్లి ఏనుగు, వెనకాలే మంట అంటుకున్న గున్న, ముందు పరుగెత్తుతున్న కుర్రాళ్లు. లెన్సు పనితనం గురించి ఎవరూ మాట్లాడలేదు. ఏనుగు దారి ఎవరు మూశారు, పంట పోయినవాడికి ఏమిచ్చారు అనే చర్చ మొదలైంది. అలాంటిది మన గోడ మీద ఒక్కటైనా ఉండాలి. ఒక షరతు ఉంది. దెబ్బ తిన్న కుటుంబం ఒప్పుకుంటేనే వాళ్ల మొహం చూపించాలి. ఏడుస్తున్న తల్లి ఫొటోకు బహుమతి ఇచ్చుకోవడం కన్నా నీచం లేదు.

మనిషినీ జంతువునూ ఒకే చోట చూపడం మనవాళ్లకు కొత్త కూడా కాదు. సీతంపేట వైపు సవర గిరిజనుల గోడ బొమ్మలు చూడండి. ఎర్రమట్టి గోడ మీద తెల్లటి పిండితో చతురస్రం గీస్తారు. అందులో ఏనుగు, గుర్రం, చెట్టెక్కే మనిషి, కోతి, కావిడి మోసేవాడు, పైన సూర్యచంద్రులు, అన్నీ కలిసే ఉంటాయి. ఎవరినీ మసక చేయరు. గ్యాలరీలో మొదటి గోడ సవర చిత్రకారులకు ఇచ్చి, ఫొటోలు తర్వాతి గోడ నుంచి మొదలుపెట్టమని నా సలహా.

ఎంపికలో కాస్త కఠినంగా ఉండాలి. గూటి దగ్గరికి చొరబడి తీసిన పిల్లల క్లోజప్పులు వద్దు, మనిషి దగ్గరికొస్తే తల్లి లేచిపోయి గుడ్లు ఎండకు మాడతాయి. ప్రతి ఫొటో ఎక్కడ, ఎలా తీశారో రాయాలి. రోడ్డు మీద పులి అంటూ వాట్సాప్‌లో ఏఐ బొమ్మలు తిరుగుతున్న రోజుల్లో ఇది మరీ ముఖ్యం. 2022లో పులి విజయనగరం జిల్లాలో తిరిగినప్పుడు జనం ఎంత హడలిపోయారో అందరికీ తెలుసు.

ఎంపిక కమిటీలో ఆచార్యులతో పాటు ఒక జీడి రైతు, ఒక జాలరి ఉంటే సగం తప్పులు అక్కడే ఆగుతాయి. ఎచ్చెర్లలో వారం అయ్యాక ఇవే ఫొటోలు ఫ్లెక్సీల మీద వేయించి వజ్రపుకొత్తూరుకు, సీతంపేట సంతకు పంపాలి. గాజు ఫ్రేముల ఖర్చుతో పోలిస్తే అది ఎంతని? అక్కడ ఎవరైనా "బాబూ, ఇది మా తోట కాదు, ఆ రోజు జరిగింది ఇలా కాదు" అంటే కింద రాసింది అక్కడికక్కడే కొట్టేసి, వాళ్లు చెప్పింది రాయాలి.