ఆ 720ని కొట్టేయమనకండి

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సైన్స్ ఫెయిర్‌కి దారాల బలం మీద ప్రయోగం చేసింది. నిన్న సాయంత్రం రికార్డు తెచ్చి నా ముందు పెట్టి ఏం మాట్లాడకుండా నిలబడింది. తెరిచి చూస్తే 720 అన్న రీడింగ్ మీద టీచర్ పెట్టిన ఎర్ర గీత, పక్కన "తప్పు రీడింగ్, తీసేయి" అని రాసి ఉంది. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. కాస్త పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

ప్రయోగం చాలామందికి తెలిసిందే. ఎన్‌సీఈఆర్‌టీ పాత ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉండేది. స్టాండుకి 60 సెంటీమీటర్ల నూలు దారం కట్టి, కింద పళ్లెం వేలాడదీసి, తెగేదాకా బరువులు వేస్తూ పోవాలి. తర్వాత ఉన్ని, పట్టు, పాలిస్టర్, నైలాన్‌తో మళ్లీ అంతే. దారాలన్నీ ఒకే పొడవు, ఇంచుమించు ఒకే లావు ఉండాలని అక్కడే రాశారు. ప్రయోగం ప్రాణమంతా ఆ ఒక్క మాటలో ఉంటే, మనం దాన్ని దాటేసి "నైలాన్ గట్టిది" అన్న జవాబు దగ్గరికి పరుగెడతాం.

లావు సంగతే చూడండి. దారం మందం రెట్టింపైతే దాని అడ్డుకోత వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, మోసే బరువు కూడా దాదాపు నాలుగు రెట్లు పెరుగుతుంది. సన్న నూలు దారం పక్కన లావు నైలాన్ తాడు వేలాడదీసి నైలాన్ గెలిచిందంటే అది నైలాన్ గొప్పా, లావు గొప్పా? మరి దారం మందం ఎలా కొలవాలమ్మా అని అడిగింది. స్కేలు మీద 20 చుట్లు ఒకదానికొకటి ఆనేలా చుట్టి ఆ వెడల్పుని 20తో భాగించమన్నా. ప్రతి చుట్టునీ గోరుతో సర్దుకుంటూ అరగంట కూర్చుంది, అన్నానికి పిలిచినా లేవలేదు.

మొదటి రోజు చిన్న బకెట్‌లో రాళ్లు వేశాం. రాయి పడ్డ కుదుపుకే దారం తెగుతోంది, ఒకసారి వచ్చిన లెక్క ఇంకోసారి రావట్లేదు. అందుకని నీళ్లకి మారాం. మిల్లీలీటరు నీళ్లంటే గ్రాము బరువే కదా. ముందు గ్లాసుతో మెల్లగా, తెగేలా ఉందనిపించాక 10 మిల్లీలీటర్ల సిరంజితో. కింద పాత దుప్పటి పరిచాం. ఐదొందల ఏళ్ల కిందట లియొనార్డో డావిన్సీ ఇనుప తీగల బలం చూడ్డానికి ఇలాంటి పద్ధతే రాసి పెట్టుకున్నాడు: బుట్టలోకి సన్నటి ధారగా ఇసుక, తీగ తెగగానే ఆ ధార ఆగిపోయే ఏర్పాటు. ఇది చెప్తే పిల్ల కళ్లు మెరిశాయి.

నూలు దారానికి ఐదుసార్లు వచ్చినవి ఇవి: 980, 1010, 720, 960, 1040 గ్రాములు. ఎర్ర గీత పడింది ఆ 720 మీదే.

కానీ మా అమ్మాయి తెగిన ప్రతి దారాన్నీ చిన్న చీటీ కట్టి అగ్గిపెట్టెలో దాచింది. నాలుగు దారాలు మధ్యలో తెగాయి. 720ది మాత్రం సరిగ్గా ముడి దగ్గర తెగింది. ముడిలో దారం మెలికపడి ఒత్తిడంతా అక్కడే పోగవుతుంది, అందుకే ముడి దారాన్ని బలహీనం చేస్తుంది. అది గమనించాకే పిల్ల పద్ధతి మార్చింది. అప్పడాల కర్రకి దారాన్ని నాలుగైదు చుట్లు చుట్టి, చివర్న ముడి వేసింది. చుట్ల రాపిడే బరువు పట్టుకుంటుంది కాబట్టి ముడి మీద భారం పడదు. ఆ 720 రాకపోతే ఈ ఆలోచనే వచ్చేది కాదు! సగటులో కలపొద్దంటే సరే, కారణం రాసి పక్కన పెట్టిద్దాం. 942 వచ్చే సగటు 997 దాటుతుంది, ఆ తేడా ఎందుకో కూడా పిల్లే రాస్తుంది. కొట్టేయడం మాత్రం అబద్ధం నేర్పడమే.

ఇంకోటి. తడిపితే నూలు దారం తొందరగా తెగుతుందని తను ముందే రాసుకుంది. తీరా చేస్తే 1120, 1150, 1090. నూలు నిజంగానే తడిస్తే గట్టిపడుతుంది. నైలాన్ కొంచెం తగ్గుతుంది, రేయాన్ బాగా తగ్గుతుంది. "అమ్మా, నేననుకున్నది తప్పు!" అని గెంతులేసిన పిల్లని, ఫలితానికి సరిపోయేలా ముందు రాసిన ఊహని మార్చి రాయమన్నారు.

టీచర్‌ని తిట్టడానికి రాయట్లేదు. క్లాసు నిండా పిల్లలు, సిలబస్ టెన్షన్, ఫెయిర్‌కి మార్కులేసేవాళ్లు చూసేది చార్టు రంగులు. నాకు తెలుసు. కానీ మన పాఠ్యపుస్తకాల్లో విద్యా ప్రమాణాలని ప్రశ్నించడం, పరికల్పన (ఫలితాన్ని ముందే ఊహించడం) చేయడం, ప్రయోగాలు చేయడం అని అచ్చేసుకున్నాం కదా. మరి మార్కులేసేటప్పుడు "ఏ రీడింగ్ నీకు అనుమానంగా అనిపించింది? మళ్లీ చేస్తే ఏం మారుస్తావు?" అని పిల్లని అడగడానికి రెండు నిమిషాలు చాలవా? షాపులో కొన్న థర్మకోల్ మోడల్ తెచ్చిన పిల్లాడు దీనికి జవాబు చెప్పలేడు. గోరుతో దారాలు సర్దిన పిల్ల చెప్తుంది.

రేపు పొద్దున్నే స్కూలుకి వెళ్తున్నా. అగ్గిపెట్టె కూడా తీసుకెళ్దామంది, దారాల్ని తనే చూపిస్తుందట.