గుంజ పోయింది, దిమ్మ మిగిలింది

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో వైపు ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి ఇంటితోపాటు ఒక గుప్తనిధి కూడా దక్కుతుంది. కాగితాల్లో దాని ఊసు ఉండదు. ఇల్లు తనిఖీ చేసిన నిపుణుడు వంటింటి కుళాయి బొట్లు కారడం కూడా రాస్తాడు గాని దీన్ని రాయడు. పెరటి చెక్క కంచె వెంబడి, గడ్డి కింద, గుంజలు పోగా మిగిలిన కాంక్రీటు దిమ్మలే ఆ నిధి.

మొన్న మా వీధిలో ఒకరింట కొత్త కంచెకు గుంత తీస్తుంటే పార ఠంగుమంది. జరిగి తవ్వితే అక్కడా ఠంగుమంది. ఒకటి మొదటి కంచె వేసినవాడి దిమ్మ, రెండోది ఆ తర్వాతి వాడిది. ఇద్దరిదీ ఒకటే గురుకులం. పాత గుంజను నేలమట్టానికి రంపంతో కోసేయడం, మీద రెండు పారల మట్టి కప్పడం, జానెడు పక్కన కొత్తది పాతడం, బిల్లులో మాత్రం 'పాత కంచె పూర్తిగా తొలగించబడినది' అని రాసుకోవడం. ఆ 'పూర్తిగా' అన్న మాటకు నేను చేతులెత్తి మొక్కుతున్నాను.

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున నిలువురాళ్లున్నాయి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కాయి. వాటిని నిలబెట్టినవారి దగ్గర సిమెంటు బస్తా లేదు, రసమట్టం లేదు, వారంటీ కాగితం అంతకన్నా లేదు. మూడు వేల ఏళ్లు దాటినా నిలబడే ఉన్నాయి. సిమెంటు, రసమట్టం, వారంటీ మూడూ ఉన్న మా కంచె మాత్రం పిల్లవాడు హైస్కూలుకు వచ్చేలోపు పక్కింటివైపు ఒరిగి నమస్కారం పెడుతుంది. వెంటనే కాలనీ సంఘం నుంచి, ఒరిగిన కోణం ఫొటోతో సహా, ఉత్తరం వస్తుంది.

కాంక్రీటు పోస్తే గుంజ కలకాలం ఉంటుందని నమ్మేవారి కోసం ఒక చేదు నిజం. చెక్క ఎండేకొద్దీ కుంచించుకుపోయి, చుట్టూ సందు ఏర్పడుతుంది. దిమ్మ రోలులా మారి వాన నీటిని పట్టి ఉంచుతుంది. లోతున గాలి ఆడదు, పైన తడి నిలవదు. గాలీ తడీ కలిసే చోటు సరిగ్గా నేలమట్టం, బూజుకు విందు అక్కడే. అందుకే గుంజ ఎప్పుడూ అక్కడే పుటుక్కుమంటుంది. పైభాగం చేతికొస్తుంది, కిందిది దిమ్మలో ఉండిపోతుంది. పోసేటప్పుడు దిమ్మ తలను నేలకు కాస్త ఎత్తుగా, నీళ్లు జారిపోయేలా వాలుగా తీర్చితే సగం బాధ తప్పేది. ఐదు నిమిషాల తాపీ పని. ఎవడు చేస్తాడు?

ఇక తీయడం. శనివారం ఉదయం నలుగురు సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టులు పెరట్లో సమావేశమవుతారు. ఒకరి చేతిలో కొత్త గునపం, దాని ధర చీటీ ఇంకా ఊడలేదు. ఒకరి చేతిలో జాకీ. ఒకరి చేతిలో ఫోను, అందులో వీడియో. వీడియోలో ఎవరో మహానుభావుడు గుంజకు గొలుసు చుట్టి, జాకీ తగిలించి, కాఫీ తాగుతూ రెండు నిమిషాల్లో దిమ్మతో సహా పైకి లేపేస్తాడు. అతనిది ఇసుక నేల, గుంజ నిక్షేపంలా ఉంది. ఇక్కడిది సాక్షాత్తు మన నల్లరేగడికి తోబుట్టువు, గొలుసు చుట్టడానికి గుంజే లేదు. నాలుగో ఆయన సమన్వయకర్త. తవ్వే ముందు, నేల కింది గొట్టాలూ తీగలూ ఎక్కడున్నాయో చూపించే 811 నంబరుకు ఫోన్ చేయాలనీ, వాళ్లు వచ్చి గ్యాసుకు పసుపు, కరెంటుకు ఎరుపు గుర్తులు పెట్టేదాకా ఆగాలనీ ఆయనే చెప్పాడు. ఆ రోజు అక్కడ పలికిన ఒకే ఒక్క తెలివైన మాట అది. గుర్తులు పడ్డాయి. మరుసటి శనివారం మట్టి మెత్తబడుతుందని గొట్టం పెట్టి నీళ్లు వదిలారు. రేగడి ఉబ్బి దిమ్మను మరింత ఆప్యాయంగా వాటేసుకుంది. గుంటూరు నుంచి వచ్చిన మామగారు వరండాలో కూర్చుని, "బాబూ, ఒక పక్క అడుగుదాకా తవ్వి, దాన్ని ఆ గోతిలోకి ఒరిగించి, పలక మీద దొర్లించండి" అన్నారు. "ఇక్కడి పద్ధతి వేరు మామయ్యగారూ" అన్నాడు అల్లుడు, మోకాలిలోతు బురదలో నిలబడి.

అన్నట్టు, ఊడిన చెక్కలను భోగి మంటకు దాచిపెడుతున్న సంప్రదాయ పరిరక్షకులకు ఒక మనవి. అమెరికాలో 2003 చివరిదాకా ఇళ్లకు వాడిన, పుచ్చకుండా మందు పట్టించిన కలపలో చాలావరకు ఆర్సెనిక్ అనే విషం ఉండేది. భోగిపళ్లు పోసిన పిల్లలకు ఆ పొగ పట్టించకండి.

చివరికి పనివాళ్లు వస్తారు. అప్పుడు మన వాట్సాప్ గ్రూపు మేలుకుంటుంది. "దిమ్మకు అంతా? మరీ దోపిడీ. నాకు తెలిసినవాడు సగానికే చేస్తాడు." అడుగు వెడల్పు, రెండడుగుల లోతు దిమ్మ ఒక్కొక్కటి 95 కిలోల దాకా తూగుతుంది. 160 అడుగుల కంచెకు, ఎనిమిది అడుగులకు ఒకటి చొప్పున, 21. అంటే రెండు టన్నులు. జూలై ఎండలో, నలభై డిగ్రీల వేడిలో, ఇద్దరు మనుషులు మోసేది అదీ. నిర్మాణ కూలీలకు నాలుగు గంటలకోసారి పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలని ఆస్టిన్, డాలస్ నగరాలు నిబంధన పెట్టుకుంటే, అలాంటివి చెల్లవనేలా టెక్సాస్ రాష్ట్రం 2023లో చట్టం చేసింది. పది నిమిషాలు! మీరు ఏసీ గదిలో సమావేశానికీ సమావేశానికీ మధ్య తీసుకునే విరామం అంతకన్నా ఎక్కువ. సిగ్గు ఉండక్కర్లేదా? మన తాతలు ఇదే రేగడిలో ఇదే గునపంతో నడుములు విరగ్గొట్టుకున్నారు, కూలి ఎగ్గొట్టిన ఆసామిని చచ్చేదాకా తిట్టుకున్నారు. ఇప్పుడు ఆ ఆసామి గొంతు మన గ్రూపులో అచ్చం అలాగే వినిపిస్తోంది, కాకపోతే డాలర్లలో.

బేరం మానేయండి. దిమ్మకు ఇంత అని విడిగా రాయించుకుని, అడిగినంత ఇవ్వండి. చల్లటి నీళ్ల డబ్బా పెరట్లో నీడన పెట్టండి. గ్యారేజీలో పడి ఉన్న ఆ జాకీ కూడా వాళ్లకే ఇచ్చేయండి. మీ చేతిలో అది ఎవరికీ క్షేమం కాదు.