ప్రశ్నను గూట్లో పెట్టి తలుపేయొద్దు

మన కథోలిక గుళ్లలో పునీతుల (సెయింట్ల) స్వరూపాలకు ఒక గూడు ఉంటుంది. పండగ రోజు స్వరూపాన్ని కిందికి దించి, తేరు మీద ఊరేగించి, పూలమాలలు వేసి, మరుసటి రోజు మళ్లీ గూట్లో పెట్టేస్తాం. బ్రెజిల్‌కు చెందిన అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) డోమ్ హెల్డర్ కమరాకు కూడా ఇదే గతి పడుతుందేమోనని నా భయం. ఆయనకు పునీత పట్టం ఇచ్చే ప్రక్రియ 2015లో మొదలైంది. 2018 డిసెంబరులో మేత్రాసన (బిషప్ పరిధిలోని ప్రాంతం) స్థాయి పరిశీలన పూర్తయి కాగితాలు రోముకు వెళ్లాయి. ఇప్పటికి ఆయన ‘దైవ సేవకుడు’, అంటే పునీతుడయ్యే దారిలో మొదటి మెట్టు మీదున్నాడు. ఇంకా ఎక్కాల్సిన మెట్లేమిటో మదర్ తెరిసా కాలం నుంచి మనకు తెలిసిందే. రోము ఎన్నేళ్లు తీసుకుంటుందన్నది నాకు పెద్ద విషయంగా తోచదు. ఏ కమరాను పునీతుణ్ని చేయబోతున్నారన్నదే అసలు సంగతి. అన్నం పెట్టిన కమరానా, అన్నం ఎందుకు లేదని అడిగిన కమరానా?

ఎక్కడో బ్రెజిల్ బిషప్ గురించి చిత్తూరులో కూర్చుని ఎందుకింత తపన అని అడిగేవాళ్లకు ఒక మాట చెప్పాలి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునేది 1876లో మొదలైంది. రాయలసీమ పల్లెలు ఖాళీ అయిపోయిన కరువు అది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1877లో, బ్రెజిల్ ఈశాన్యాన సియరా ప్రాంతంలో వాన మొహం చాటేసింది. పసిఫిక్ సముద్రం వేడెక్కి గాలుల దారి మారిపోవడం వల్ల ఇక్కడా అక్కడా ఒకేసారి జనం ఆకలితో రాలిపోయారు. ఆ సియరా రాజధాని ఫోర్తలేజాలోనే 1909లో కమరా పుట్టాడు. ఆయన మనకు దూరపువాడేమీ కాదు. ఒకే కరువు తల్లి కడుపున పుట్టిన రెండు సీమలు మనవి.

ఆయన భక్తి గురించి ముందు చెప్పుకోవాలి. రాజకీయ బిషప్ అంటూ కొట్టిపారేసేవాళ్లు ఆ భాగాన్ని వదిలేస్తారు. 1931లో గురుపట్టం అందుకుని ఫాదర్ అయినప్పటి నుంచి రోజూ రాత్రి రెండు గంటలకు అలారం పెట్టుకుని లేచేవాడు. ప్రార్థన చేసుకునేవాడు, ధ్యానంలో తట్టింది కాగితం మీద పెట్టేవాడు, మళ్లీ కాసేపు నిద్రపోయి తెల్లవారుజామున పూజకు లేచేవాడు. సుప్రభాత సేవకని అపరాత్రి లేచి, చన్నీళ్లు పోసుకుని, తడి జుట్టుతోనే పరుగెత్తే మనుషులను మన తిరుపతిలో ఎంతమందిని చూడలేదు? ఒక రోజు అలా లేవడమే మనకు జన్మంతా చెప్పుకునే ముచ్చట. ఆయన జీవితమంతా లేచాడు.

మొదట్లో ఆయన కూడా అందరిలాగే దానధర్మాల దారిలోనే నడిచాడు. 1955లో రియో డి జనీరోలో అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభను (యూకరిస్టిక్ కాంగ్రెస్) దగ్గరుండి నడిపించాడు. ఆ ఏర్పాట్లు చూసిన ఫ్రాన్స్ కార్డినల్ జెర్లియే, ఇంత సామర్థ్యాన్ని ఈ కొండల మీది మురికివాడల కోసం ఎందుకు వాడకూడదని ఆయన్ను అడిగాడు. ఆ మాట సూటిగా తగిలింది. మురికివాడల జనానికి పక్కా ఇళ్లు కట్టించే పని పెట్టుకున్నాడు, 1959లో పేదల కోసం ‘ప్రొవిడెన్స్ బ్యాంకు’ ప్రారంభించాడు. కొన్ని కుటుంబాలు ఫ్లాట్లలోకి మారాయి. ఈలోగా ఈశాన్యం నుంచి కరువు తరిమిన కుటుంబాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఎంతమందికి కట్టిస్తాం, వీళ్లసలు ఊరు వదిలి ఎందుకు వస్తున్నారు అన్న ప్రశ్న ఆయనకు అక్కడ పుట్టింది. ఏ పుస్తకమో చదివి తెచ్చుకున్న ప్రశ్న కాదది, ఇళ్లు కట్టి కట్టి అలసిన మనిషికి ఎదురైన ప్రశ్న. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

1964 ఏప్రిల్‌లో ఒలిండా-రెసిఫె అగ్రపీఠాధిపతిగా బాధ్యతలు తీసుకునేనాటికి బ్రెజిల్‌లో సైన్యం గద్దెనెక్కి రెండు వారాలు కూడా కాలేదు. పీఠాధిపతి భవనం తనకొద్దని 1968లో ఒక చిన్న గుడి వెనకున్న గదుల్లోకి మారిపోయాడు. తలుపు తడితే ఆయనే వచ్చి తీసేవాడు. మెడలో బంగారు శిలువకు బదులు చెక్క శిలువ. ఇంటి గోడల మీద తుపాకీ గుండ్లు కురిపించారు. 1969 మేలో ఆయన దగ్గర యువజనుల బాధ్యత చూసే ఫాదర్ అంటోనియో ఎన్రికేను, ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాణ్ని, చిత్రహింసలు పెట్టి చంపారు. బిషప్‌ను ముట్టుకుంటే ప్రపంచమంతా అడుగుతుంది, ఆయన పక్కనున్నవాణ్ని చంపితే అడిగేవాడుండడు, ఇదీ చంపినవాళ్ల లెక్క. కమరా భయపడలేదు. 1970లో పారిస్ వెళ్లి, మా దేశంలో మనుషులను జైళ్లలో హింసిస్తున్నారని నిండు సభలో చెప్పాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి బ్రెజిల్ పత్రికల్లో ఆయన పేరు కూడా రానివ్వలేదు. ఆయన మాట ఒకటి అందరికీ తెలిసిందే. ‘‘నేను పేదలకు అన్నం పెడితే పునీతుడు అంటారు. పేదలకు అన్నం ఎందుకు లేదని అడిగితే కమ్యూనిస్టు అంటారు.’’

ఆయన్ను వద్దనేవాళ్ల వాదనా ఉంది. కుర్రతనంలో, 1930లలో, ఫాసిస్టు పోకడలున్న ఇంటెగ్రలిస్టు ఉద్యమంలో తిరిగాడని, తర్వాత ఎర్ర బిషప్ అయ్యాడని, గురువుల పని ఆత్మల రక్షణే తప్ప సర్కారుతో తగాదా కాదని వాళ్లంటారు. మొదటిది నిజం. ఆ దారి తప్పని ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు. ఇక రాజకీయమంటారా, 1980లో రెసిఫె వచ్చిన పోపు రెండవ జాన్ పాల్, కమ్యూనిజం కింద నలిగిన పోలండ్ మనిషి, కమరాను కౌగిలించుకుని ‘పేదల సోదరుడు, నా సోదరుడు’ అన్నాడు. నాకు ఆ సాక్ష్యం చాలు.

బతికున్నంతకాలం సతాయించి, పోయాక పేరు పెట్టుకోవడం మన దగ్గర కూడా ఉన్నదే. పాత చిత్తూరు జిల్లా తరిగొండ వెంగమాంబను చూడండి. భర్త పోయాక జుట్టు తీయించుకోమంటే ససేమిరా అంది. ఊరు ఆమెను ప్రశాంతంగా బతకనివ్వలేదు, ఆమె కొండెక్కింది. ఈ రోజు తిరుమలలో వేలమంది అన్నం తినే భవనానికి ఆమె పేరే ఉంది. చాలా సంతోషం. కానీ అక్కడ పంక్తిలో కూర్చున్నవాళ్లలో ఎంతమందికి ఆమె దేనికి ఎదురు నిలిచిందో తెలుసు?

2025 జూన్‌లో చిత్తూరు దగ్గర ఒక పల్ప్ ఫ్యాక్టరీ ముందు చూసింది నా కళ్లలోంచి పోలేదు. తోతాపురి మామిడి లోడు ట్రాక్టర్లు కిలోమీటర్ల పొడవునా నిలబడి ఉన్నాయి. టోకెన్లు చేతిలో పట్టుకుని రైతులు రెండు రాత్రులుగా ట్రాలీల కిందే పడుకుంటున్నారు. అడుగున కాయ పగిలి రసం తారు మీదికి కారుతోంది, దాని మీద ఈగలు ముసురుతున్నాయి. కిలోకు ఫ్యాక్టరీ ఎనిమిది, ప్రభుత్వం నాలుగు, మొత్తం పన్నెండు రూపాయలని ప్రకటన. ఆ ఎనిమిది కూడా రావడం లేదని రైతులు మొత్తుకుంటున్నారు. మా విచారణ (మా చర్చి పరిధి) యువకులు బకెట్లతో మజ్జిగ తెచ్చి గ్లాసుల్లో పోస్తున్నారు. ఒక పెద్దాయన రెండు గ్లాసులు తాగి, మూతి తుడుచుకుని, ‘‘సల్లంగా ఉండండి నాయనా. మజ్జిగ పోసినారు సరే, కాయ ఎందుకు దించుకోలేదో ఎవురన్నా పోయి అడిగినారా?’’ అన్నాడు. ఆ పిల్లల దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఆ పెద్దాయన కమరా పేరు విని ఉండడు. అడిగింది మాత్రం కమరా ప్రశ్నే. సీమలో మనం మజ్జిగ పోయడంలో ఎవరికీ తీసిపోం. చలివేంద్రాలు, అన్నదానాలు, క్రిస్మస్ దుప్పట్లు, అన్నీ చేస్తాం, చేయాలి కూడా. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది రైతు సంఘాల పని, పార్టీల పని అని పక్కకు తప్పుకుంటాం. చర్చి, మసీదు, కోవెల అన్న తేడా లేకుండా అందరం అంతే. ర్యాంపులో (కాయ కొనే చోట) కిలో ఐదుకో ఆరుకో కాయ తెగనమ్ముకుని ఇంటికెళ్లినవాడు ఆదివారం మన పక్కనే మోకరిల్లుతాడు. అతని తరఫున ఒక్క మాట అడగలేని మనం, రేపు కమరా స్వరూపాన్ని ఏ ముఖంతో ఊరేగిస్తాం?

బ్రెజిల్ 2017 డిసెంబరులో చట్టం చేసి మరీ ఆయన్ను మానవ హక్కులకు పాలక పునీతుడి వంటి స్థానంలో నిలబెట్టింది. రోము ఆ పక్కనే సంతకం పెడితే సంతోషిస్తాను. దానికోసం మనం కాచుకుని కూర్చోవాల్సిన పని లేదు. కాయ కోతకు రాకముందే కలెక్టరేట్‌లో ఫ్యాక్టరీలవాళ్లనూ రైతులనూ కూర్చోబెట్టి ధర మాట్లాడతారు. ఈసారి ఆ గదిలో రైతుల వరసన మన విచారణ గురువులు కూడా ఒక కుర్చీ వేసుకుని కూర్చోవాలి. మజ్జిగ బకెట్లు ఎలాగూ పిల్లలు తెస్తారు.